సామ్యుల్ మేస్త్రి కట్టిన సమాధి

సామ్యుల్ మేస్త్రికి పనిలో ఒకే ఒక చెడ్డ గుణం ఉండేది. ఏది కట్టినా కావలసినదానికంటే గట్టిగా కడతాడు. గుడియాత్తంలో ఆయన కట్టిన ప్రహరీ గోడకు తర్వాతెప్పుడో గేటు పెట్టుకోవాలని ముచ్చటపడ్డవాళ్ళు, గోడ జోలికి పోలేక ఇప్పటికీ పక్కసందులోంచే తిరుగుతున్నారు. ఆర్కాడులో ఒక ఇంటాయన గోడకు మేకు దిగక గడియారాన్ని బల్లమీదే పెట్టుకున్నాడు. ఈ సంగతులు చెప్పి ఎవరైనా ఎగతాళి చేస్తే మేస్త్రి మీసాల చాటున నవ్వుకునేవాడు. అంతకంటే మెప్పు ఆయనకు అక్కర్లేదు.

భార్య మేరి పోయినప్పుడు కూడా ఆ చేతులు అలవాటు మానలేదు. చర్చివాళ్ళ సమాధుల తోట చిన్నది. కొన్నేళ్ళు గడిచాక పాత గుంటను తెరిచి, అందులోనే ఇంకొకరిని పడుకోబెట్టడం అక్కడి ఆనవాయితీ. సొంతవాళ్ళు అడక్కపోతే పైవాళ్ళూ రావచ్చు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి మేరి పైన పడుకోవడమా? మేస్త్రికి ఒళ్ళు మండింది. మట్టి సర్దుకునేదాకా ఆగి, కమ్మీలు అడ్డంగా నిలువుగా అల్లి, మందంగా కాంక్రీటు పోసి, తడి గోనెపట్టలు కప్పి, పొద్దునా సాయంత్రం తానే వెళ్ళి నీళ్ళు పట్టాడు. పైన నల్లరాళ్ళు పరిచి రసమట్టం పెట్టి చూసుకున్నాడు. చూసినవాళ్ళంతా భార్యంటే ఎంత ప్రేమ అన్నారు. ప్రేమే, కాదని ఎవరంటారు.

ఆ తర్వాత ఇల్లు బావురుమంది. పిల్లల్లేరు. మేరిది పలమనేరు, తెలుగు చదవడం వచ్చు. దీపాలు పెట్టే వేళ ఆమె తెలుగు బైబిలు చదివేది, ఈయన కాళ్ళు చాపుకుని వినేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా మేస్త్రి బడిలో నేర్చింది తమిళం. తెలుగు అక్షరం ఒక్కటీ పోల్చలేడు. ఆమె పోయాక అప్పుడప్పుడు ఆ పుస్తకం తెరిచి, ఆమె వేలు నడిచిన పేజీలు చూసి, మూసేసేవాడు. మనిషితోపాటు ఇంట్లోంచి చదువు కూడా వెళ్ళిపోతుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

ఇది చూడలేక మేరి చెల్లెలి కూతురు జెసింత తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి ఇచ్చింది. ఆమె వేలూరులో ఒక ల్యాబులో పని చేస్తుంది, ఆదివారాలు వచ్చిపోతుంది. అందులో బైబిలు చదువుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. తమిళ వాక్యంలో ఏ మాట మీద నొక్కినా అడుగున దాని హీబ్రూ మాటో గ్రీకు మాటో కనబడుతుంది. అది ఇంకా ఎక్కడెక్కడ వచ్చిందో వరసగా వస్తుంది.

పెద్ద మాటల జోలికి మేస్త్రి పోలేదు. కృప, నీతి, మహిమ లాంటివి పాస్టరు చూసుకుంటాడులే అనుకున్నాడు. చిన్న మాటలు పట్టుకున్నాడు. మీద, కింద, లోపలికి, గుండా, పక్కన. జెసింత చూపిన బొమ్మలో ఒక ఇల్లూ, దాని చుట్టూ బాణాలూ ఉన్నాయి. లోపలికి పోయే బాణానికి గ్రీకులో 'ఎయిస్', బయటికి వచ్చేదానికి 'ఎక్', నడుమ గుండా పోయేదానికి 'దియా'.

"ఇవన్నీ మా పని మాటలే కదమ్మా," అన్నాడు మేస్త్రి సంబరంగా. చాలా కాలం తర్వాత ఆయన నవ్వడం జెసింత అప్పుడే చూసింది.

అలా పోతూ పోతూ 'తో' అనే మాట దగ్గర ఆగిపోయాడు. హీబ్రూలో దానికి 'ఇమ్'. నొక్కి ఆ వరస చూస్తూ పోతే ఒకచోట రాజులు బారులు తీరారు. దాదాపు ఏ రాజు చచ్చిపోయినా తన తండ్రులతో నిద్రపోయినట్టే ఉంది. మంచివాడూ అంతే, చెడ్డవాడూ అంతే. మేస్త్రి ఒక్కొక్కరినే నొక్కుకుంటూ పోయాడు. అంతవరకు ఆయనకు తన చావు సంగతి తట్టనేలేదు. ఇప్పుడు తట్టింది. మరి నేను ఎవరితో?

మరునాడే సమాధుల తోట వ్యవహారాలు చూసే ఏసుదాస్ దగ్గరికి వెళ్ళాడు.

"నేను పోయినాక నన్ను మేరి గుంటలోనే పెట్టండప్పా," అని అడిగాడు.

ఏసుదాస్ కాసేపు తల గోక్కున్నాడు. "మొగుణ్ణీ పెళ్ళాన్నీ ఒక గుంటలో పెట్టేది మన ఆనవాయితీనే అన్నా. ఎవురూ వద్దనరు. కానీ దాన్ని తెరిచేదెట్ల? గుంటలు తవ్వే మునియప్పన్ పక్కన తవ్వతా ఉంటే నీ కాంక్రీటు తగిలి గడ్డపార వంగిపోయిందంట."

"అయితే పక్కనన్నా పెట్టండి."

"పక్కన యాడుండాది? రెండు పక్కలా నిండిపోయినాయి. ఇంక వెనక గోడ కాడే తావు."

తిరిగి వస్తూ మేస్త్రి మేరి సమాధి దగ్గర ఆగాడు. మేరి దగ్గరికి ఎవరూ రాకూడదని కట్టాడు. ఆ ఎవరిలో తానూ ఉన్నానని కట్టేటప్పుడు తోచలేదు.

ఆదివారం జెసింతకు సంగతి చెప్పాడు. ఆమె ల్యాప్‌టాప్ తెరిచి దావీదు రాజు చావు రాసి ఉన్న చోటు చూపించింది.

"చూడు పెద్దనాయనా. ఈయన కూడా తండ్రులతో నిద్రపోయినాడనే ఉండాది. కానీ పూడ్చింది దావీదు పట్నంలో. వాళ్ళ నాయనది బేత్లెహేము. ఊరే వేరు. అయినా 'తో' అనే రాసినారు."

మేస్త్రి ఆ చోటు రెండు మార్లు చదివాడు. పిల్ల మాటలో తప్పేమీ లేదు.

"రాజుకు అది చాలుంటాదిలేమ్మా," అన్నాడు. "ఆయనకు శానా మంది. నాకు ఒకతే."

జెసింత ల్యాప్‌టాప్ మూసేసింది. టీ పెట్టడానికి లేచింది.

సమాధి తానే పగలగొట్టి, ఉత్త మట్టి కప్పి వదిలేస్తానని మేస్త్రి ఏసుదాస్‌ను ఒప్పించాడు. ఒకరోజు పొద్దున్నే ఉలీ సమ్మెటా సంచిలో వేసుకుని వెళ్ళాడు. నల్లరాళ్ళు జాగ్రత్తగా ఊడదీసి పక్కన పేర్చాడు. కాంక్రీటు మీద ఉలి పెట్టి కొట్టాడు. తెల్లటి గీటు పడింది, అంతే. మళ్ళీ కొట్టాడు. భుజం అదిరింది గాని పెచ్చు లేవలేదు. పనిదొంగ ఎవడైనా కట్టి ఉంటే ఈపాటికి పిండి అయ్యేది. తన పని మీద మొదటిసారి ఆయనకు కోపం వచ్చింది, వెంటనే గర్వమూ వచ్చింది, ఆ రెంటి నడుమ ఏడుపు వచ్చింది. సమ్మెట ఒళ్ళో పెట్టుకుని మేరి తలవైపు కూర్చుని ఏడ్చాడు. మధ్యాహ్నానికి ఒక మూల గోరంత ఊడింది.

అప్పటినుంచి అదే పని అయింది. సద్ది కట్టుకుని వస్తాడు, కొంచెం కొడతాడు, కొంచెం ఆగుతాడు. ఆగినప్పుడల్లా సాఫ్ట్‌వేర్‌లో చూసిన చిన్న మాటలు మేరికి చెబుతాడు. గ్రీకులో 'తో'కు రెండు మాటలున్నాయట, 'మెతా' ఒకటి, 'సున్' ఒకటి. తేడా ఏమిటో ఇంకా చిక్కలేదట. ఒకప్పుడు ఆమె చదివేది, ఆయన వినేవాడు. ఇప్పుడు వంతు మారింది.

ఒక పూట ఏసుదాస్ అటువైపు వచ్చాడు. మేస్త్రి అరచేతుల బొబ్బలు చూసి జాలిపడ్డాడు.

"ఎందుకన్నా ఈ అవస్థ? కాంక్రీటు పగలగొట్టే మిషను మా అల్లుడి కాడ ఉండాది. రేపు పంపిస్తా. గంటలో అయిపోతాది."

మేస్త్రి ఉలి కింద పెట్టి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మిషను వద్దప్పా," అన్నాడు. "గంటలో అయిపోతే, ఎల్లుండి నుంచి నేను యాడికి పోయేది?"