ఫణీంద్రగారి రెండో కమాండు

తెనాలిలో పెళ్లిసంబంధాలు చూసే మా ఆఫీసులో నేను ఫోన్లు ఎత్తుతాను. కంప్యూటర్ల పనంతా ఫణీంద్రది. రోజూ బాపట్ల నుంచి రైల్లో వస్తాడు. వచ్చేది ఉద్యోగానికే అయినా, ఆ నడక చూస్తే మమ్మల్ని ఉద్ధరించడానికి వస్తున్నాడనే అనిపిస్తుంది. మెసేజ్‌లు పంపే సర్వర్ పాస్‌వర్డు మా ఓనరుకు కూడా చెప్పలేదు. "మీరు కెలికితే పాడవుద్దండి" అన్నాడు. అంత పొగరు నేనెక్కడా చూడలేదు.

అలాంటివాడికి, నాలుగేళ్లు వెతగ్గా, మా ఆఫీసు ద్వారానే రేపల్లెలో సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు సునీల, టీచరు. ఆదివారం తాంబూలాలనుకున్నారు.

ఆ వారంలోనే మెసేజ్‌ల ప్రోగ్రామ్ మార్చి, పరీక్షించడానికి కూర్చున్నాడు. నిజంగా పంపకుండా ఊరికే చూపించమని చెప్పడానికి 'టెస్ట్' అనే వేరియబుల్ ఒకటుంది. దాన్ని కమాండుకు ముందు, అదే వరుసలో రాస్తే ఆ ఒక్క కమాండుకే పనిచేస్తుంది. తర్వాతివాటికీ ఉండాలంటే ముందే విడిగా ఎక్స్‌పోర్ట్ చేయాలి, అంటే అన్నిటికీ వర్తిస్తుందని చెప్పిపెట్టాలి. మొదటి కమాండు పేర్లు పోగుచేసేది, రెండోది మెసేజ్ పంపేది. ఈ మహానుభావుడు మొదటిదాని ముందు 'టెస్ట్' రాసి, రెండోదాన్ని వట్టిగా కొట్టాడు.

"రెండోదానికి రాయక్కర్లేదాండీ?" అని అడిగాను.

"ఒకసారి చెప్పాంగా, దానికి గుర్తుంటుంది. నువ్వు ఫోన్లు చూసుకో" అని టీ అందుకున్నాడు.

దానికి గుర్తులేదు. పరీక్ష కోసం తను రాసుకున్న "మీ సంబంధం మాకు సమ్మతం కాదు" అనే వాక్యం, మాటలు నడుస్తున్న ప్రతి ఇంటికీ వెళ్లిపోయింది. ఫణీంద్ర పేరు మీద రేపల్లెకూ వెళ్లింది.

కాసేపటికి సునీలే ఆఫీసుకు ఫోన్ చేసింది. ఓనరు స్పీకర్ పెట్టించాడు.

"ఏంటండి ఇది?"

"నేను కాదండి. మా నాగజ్యోతి తెలియక నొక్కేసింది" అన్నాడు ఫణీంద్ర, పక్క బల్ల దగ్గర బయోడేటాలు రాసే నాగజ్యోతి కూర్చుని ఉండగానే. పాపం, ఆ పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. పొరపాటు నాదే అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నాకు ఒళ్లు మండిపోయింది.



"పాస్‌వర్డు మీకు తప్ప ఇంకెవరికీ తెలీదని పెళ్లిచూపుల్లో గంటసేపు చెప్పారు కదండీ" అంది సునీల. "ఆ మెసేజ్ మా వైపు నుంచి కూడా వచ్చిందనుకోండి."