రాహుకాలంలో పెట్టిన నెట్‌వర్క్ కార్డు

ఒక పని పాడవ్వాలంటే రెండు దారులున్నాయి. మొదటిది, ఏమీ తెలియనివాడికి అప్పగించడం. ఇందులో కొంత ఆశ ఉంది. వాడు భయపడి సగంలో వదిలేస్తాడు. రెండోది, అంతా తెలుసనుకునేవాడికి అప్పగించడం. ఇందులో ఆశ లేదు. వాడు చివరిదాకా వదలడు. నేను రెండో రకం. ఒక ఆడి కృత్తిక నాడు, అంటే తిరుత్తణి కొండ మీది స్వామికి జనం కావళ్ళెత్తే పండగనాడు, పట్టపగలు, ఆ ఊళ్ళోనే మా మామ ఇంట్లో, ఒక్క స్క్రూడ్రైవరుతో ఎంత ప్రళయం తేవచ్చో చేసి చూపించాను. చదువుతూ నవ్వొస్తే మొహమాటపడకండి. మా బంధువులెవరూ పడలేదు.

అప్పుడు నేను తిరువళ్ళూరులో ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో కొత్తగా చేరాను. కాలేజీ వేడి ఇంకా దిగలేదు. ఇంట్లో ఫ్యాను తిరక్కపోయినా "ముందు సమస్యని భాగాలుగా విడదీద్దాం" అనేవాణ్ణి. ఈలోగా అమ్మ వెళ్ళి స్విచ్చి వేసేది.

మా గోవిందు మామకు తిరుత్తణిలో కొండ కింద పూజాసామాన్ల అంగడి. అంగడి వెనకే ఇల్లు. ఆ ఇంట్లో ఒక మూల ముసుగేసుకున్న పాత కంప్యూటరు. ఒకప్పుడు అంగడి బిల్లులు రాసేది. ఒక వానాకాలం పిడుగు పడి, నెట్టు తీగ గుచ్చే రంధ్రం కాలిపోయినప్పటి నుంచి దాని నెత్తిన కర్పూరం పెట్టెలు ఎక్కాయి. మామ కూతురు పవిత్ర ప్లస్ టూ ముగించి ఇంట్లో ఉంది. పశువుల డాక్టరు కావాలని దానికి చిన్నప్పటినుంచీ పట్టు. వెటర్నరీ కాలేజీకి అప్లికేషన్ వెయ్యాలి. ఆఖరి రోజు శుక్రవారం, సాయంత్రం ఐదు గంటలు.

"ఈ పొద్దే బ్రౌజింగ్ సెంటరుకి పోయి వేసేస్తా బావా" అంది ఫోన్లో.

"ఇంట్లో కంప్యూటరు పెట్టుకోని బ్రౌజింగ్ సెంటరేంది? నెట్‌వర్క్ కార్డు ఒకటి దూరిస్తే సరి. పావుగంట పని. శుక్రవారం ఆడి కృత్తికకి మాకు సెలవే గదా, నేనొస్తా."

"అది ఆఖరి రోజు బావా."

"పావుగంట పని అని చెప్తిని గదా!"

ఆడి కృత్తిక నాడు తిరుత్తణి రైలెక్కడం అంటే మనం ఎక్కడం కాదు, జనం మనల్ని ఎక్కించడం. పసుపు బట్టలు, పాలకుండలు, నెమలి పింఛాల కావళ్ళు, పెట్టె నిండా "హరోహర" కేకలు. నా కార్డు నలిగిపోతుందని వెండి రంగు సంచీతో సహా రెండు చేతులా నెత్తి మీదికెత్తి పట్టుకుని నిలబడ్డాను. కడంబత్తూరులో ఎక్కిన ఒక పెద్దాయన నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"ఏం మొక్కు నాయనా?"

"మొక్కు కాదయ్యా. నెట్‌వర్క్ కార్డు."

"ఎవురికి బాగలేదు?"

"కంప్యూటరుకి."

ఆయన నిట్టూర్చి నా సంచీకి కూడా ఒక దండం పెట్టాడు. ఆ రోజంతటికీ ఆ కార్డుకు దక్కిన మర్యాద అదొక్కటే.

ఇల్లు చేరేసరికి గడపలో అవ్వ. అవ్వంటే మామకు తల్లి, మా అమ్మను కన్న తల్లి. గోడకున్న రోజువారీ క్యాలెండరు ఆవిడ రాజ్యం. తెల్లవారగానే నిన్నటి కాగితం చింపి, ఇవాళ్టి రాహుకాలమూ, నల్ల నేరమూ, అంటే మంచి ఘడియలూ, ఇంటిల్లిపాదికీ చదివి వినిపిస్తే గాని కాఫీ ముట్టదు. ఇంకొకరింటికి పోయినా అంతే. గోడ మీద పాత కాగితం వేలాడుతుంటే ఆవిడ చెయ్యి ఊరుకోదు, అడక్కుండా చింపేస్తుంది. ఒకసారి డాక్టరు గదిలో కూడా చింపింది, ఆయన నాడి చూస్తుండగా.

"ఇప్పుడేం పని మొదలుబెట్టబాకురా" అంది. "శుక్రవారం పదిన్నర నించి పన్నెండు దాకా రాహుకాలం. అదీగాక ఆడి నెల. కొత్త వస్తువు ఇంట్లోకి తెస్తారా ఎవురైనా?"

"కొత్త వస్తువు కాదవ్వా. పాత వస్తువులో పెట్టే చిన్న ముక్క."

"ముక్కకి మాత్రం నల్ల నేరం వద్దా?"

"అవ్వా! కంప్యూటరుకి తేదీ, తిథి, రాహుకాలం ఏమీ ఉండవు. దానికి తెలిసిందల్లా కరెంటొకటే."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మా బంధువులు ఇప్పటికీ పెట్టుకున్నారు.

కర్పూరం పెట్టెలు దించి, ముసుగు తీసి, పవిత్రను పక్కన కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టాను. "రిపేరంటే పద్ధతి పవిత్రా. ఒకటి, తెర మీద ఏం రాసుందో చదవల్ల. రెండు, ఒకసారికి ఒకటే మార్చల్ల. మూడు, తొందరపడకూడదు."

"ఇవన్నీ నువ్వు చేస్తావా బావా?"

"చేసేవాడే గదా చెప్పేది."

పెట్టె విప్పితే లోపలినుంచి గుప్పున విభూతి లేచింది. తుమ్మి, తుడిచి, కార్డును దాని గాడిలో కూర్చోబెట్టి, మర బిగించి, తీగ గుచ్చి స్విచ్చి వేశాను. కంప్యూటరు మేలుకుంది గాని కార్డును గుర్తుపట్టలేదు. పెళ్ళివాళ్ళు పిలవని చుట్టాన్ని చూసినట్టు చూసింది. పక్క గాడిలో పెట్టాను. అదే చూపు. అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. కంప్యూటరు లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది. దాన్ని ఒకసారి పీకి మళ్ళీ పెడితే పెట్టె తన పాత పట్టుదలలన్నీ మరిచిపోయి, అప్పుడే పుట్టినట్టు లోకాన్ని చూస్తుంది. పీకాను. పెట్టాను. స్విచ్చి వేశాను.

కార్డు వెనక పచ్చదీపం వెలిగింది!

"వెలిగింది మామా!" అని నేను అరిచిన అరుపుకు అంగడిలోంచి మామ టెంకాయతో సహా పరిగెత్తుకొచ్చాడు. పవిత్ర చప్పట్లు కొట్టింది. అవ్వ మాత్రం గోడ గడియారం చూసి, "పన్నెండు దాటింది గదా, ఎందుకు వెలగదు?" అంది.

ఆ సంబరంలో ఒక చిన్న సంగతి జరిగింది. తెర మీద రెండు వరుసల తెల్లటి ఇంగ్లీషు అక్షరాలొచ్చి నిలబడ్డాయి. చివర, ముందుకు పోవాలంటే ఎఫ్‌వన్ నొక్కమని ఉంది. నొక్కాను.

"బావా, అదేందో చెప్తా ఉంటే చదవకుండానే నొక్కేస్తివే?"

"పాత పెట్టెలన్నీ అట్లనే సణుగుతాయి. ఎఫ్‌వన్ నొక్కితే నోరు మూసుకుంటాది."

"మరి మొదటి రూలు?"

"అది కొత్త కంప్యూటర్లకి."

కాలేజీ సైటు తెరిచాను. ఎర్రటి పేజీ వచ్చింది. పైన పెద్దక్షరాల్లో, కనెక్షన్ కుదరలేదని. దాని కింద చిన్నక్షరాల్లో ఇంకేదో చాంతాడంత ఉంది. అంత చదివే ఓపిక నాకెక్కడిది? కనెక్షన్ కుదరలేదంటే తప్పు కార్డుదే కదా! ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. చదవలేక కార్డు ఓడన్నాను నేను.

ఇక చూడండి నా పద్ధతి. కార్డు పీకి, దాని పళ్ళను రబ్బరుతో రుద్ది పెట్టాను. ఎఫ్‌వన్. ఎర్ర పేజీ. కార్డును నడిపే డ్రైవరు ప్రోగ్రాము తీసేసి మళ్ళీ వేశాను. ఎఫ్‌వన్. ఎర్ర పేజీ. గాడి మార్చాను, తీగను తిరగేసి ఆ కొస ఇటూ ఈ కొస అటూ గుచ్చాను, చివరికి పెట్టెనే తూర్పుముఖంగా తిప్పాను. ఇందులో ఆఖరిది ఏ కాలేజీలోనూ చెప్పరు. నా వేలు ఎఫ్‌వన్ మీద పడే వేగం చూసి పవిత్ర, "వీణ నేర్చుకుని ఉండాల్సింది బావా నువ్వు" అంది.

"ఏంరా ఇంజనీరూ, అయ్యిందా?" మామ అంగడిలోంచి కేక.

"ఐదు నిముషాలు మామా!"

"నీ ఐదు నిముషాల్లో నేను రెండు బస్తాల టెంకాయలు అమ్మేస్తిని!"

"బావా, బ్రౌజింగ్ సెంటరుకి పోదామా?" అంది పవిత్ర.

"అంత ఖర్మ మనకేం?"

ఫోన్లో వెయ్యొచ్చు కదా అని మీరనవచ్చు. కొండకొచ్చిన జనమంతా ఒకేసారి కావడి ఫోటోలు ఊళ్ళకు పంపుతుంటే ఆ రోజు తిరుత్తణిలో ఏ ఫోనుకూ ఊపిరాడటం లేదు. అంగడిలో కేబులాయన పెట్టిన నెట్టు డబ్బా ఉంది గాని, దాని వైఫై ఎప్పుడో చచ్చిపోయింది. తీగ మాత్రమే బతికుంది. ఆ తీగ మీదికి మళ్ళింది నా అనుమానం. అది అంగడి అలమర వెనకనుంచి ఇంట్లోకి వస్తుంది. ఎక్కడైనా నలిగిందేమోనని ఇటునుంచి గట్టిగా ఒక్క లాగు లాగాను.

అటువైపు దభీమని చప్పుడు. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత "హరోహర!" అని ఒక భక్తుడి గొంతు.

పరిగెత్తి చూద్దును కదా, అలమర పై అరలోని విభూతి సంచీ పగిలి, కర్పూరం కొనడానికి వచ్చిన ఒకాయన నెత్తినుంచి పాదాలదాకా తెల్లగా అభిషేకమై, కళ్ళు మూసుకుని చేతులెత్తి నిలబడి ఉన్నాడు. స్వామి కరుణించాడనుకున్నాడు పాపం. మామ ఆయనకు దండం పెడుతూనే నావైపు చూసిన చూపులో మాత్రం కరుణ కనిపించలేదు.

"తీగ బాగానే ఉంది మామా" అన్నాను.

"లోపలికి పో. పొయ్యి ఆడనే ఉండు."

లోపలికి వచ్చేసరికి పవిత్ర గడియారం కింద నిలబడి ఉంది. ఇప్పుడు దాని మొహంలో ఎగతాళి లేదు.

"నాలుగున్నర అయ్యింది బావా."

అప్పుడు దిగింది నా పొగరు. సర్టిఫికెట్లు ఉన్న పెన్‌డ్రైవు తీసుకుని ఇద్దరం వీధిలోకి ఉరికాము. వీధి ఎక్కడుంది? నెమలి పింఛాల నది ఒకటి కొండవైపు పారుతోంది. దాన్ని ఈదుకుంటూ బ్రౌజింగ్ సెంటరు చేరేసరికి షట్టరు దించి ఉంది. కావడి ఎత్తుకుని కొండెక్కుతున్నాననీ, రేపు రమ్మనీ తమిళంలో కాగితం అంటించి పోయాడు దాని యజమాని. సుబ్బరంగా మొక్కు తీర్చుకోవడానికి ఆయనకు ఈ రోజే దొరికింది. నాకు పావుగంట పని చెయ్యడానికీ ఈ రోజే దొరికింది.

తిరిగొచ్చి పవిత్ర మెట్టు మీద కూలబడింది. "ఒక సంవత్సరం పోతాది గదా బావా" అంది మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది. దానికి నా దగ్గర జవాబులుండేవి.

ఇంకేం చెయ్యాలో తెలియక పెట్టెను మరోసారి ఆర్పి వెలిగించాను. రెండు వరుసలు వచ్చాయి. ఎఫ్‌వన్. ఎర్ర పేజీ. అవ్వ మజ్జిగ చెంబుతో వచ్చి నా వెనక నిలబడింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. తెర కింది మూలకు వంగి, కళ్ళు చికిలించి చూసింది.

"ఏందిరా, దీని కాగితం ఎవురూ చింపలేదా?"

"ఏం కాగితమవ్వా?"

"ఈడ చూడు. ఒకటో తేదీ, ఒకటో నెల, రెండువేల ఎనిమిది అంటా ఉండాది." ఆవిడ గోరు అప్పటికే తెర మూలను గీకుతోంది. "రెండువేల ఎనిమిదిలో మన పవిత్ర పాలసీసా పట్టుకోని తిరగతా ఉండె. పాలసీసా పిల్లకి కాలేజీలో సీటు ఎవురిస్తార్రా?"

నా చేతిలో స్క్రూడ్రైవరు జారి కాలి మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు.

బ్యాటరీ పీకినప్పుడు పెట్టె అన్నీ మరిచిపోతుందని చెప్పాను కదా? తేదీ కూడా మరిచిపోతుంది. ప్రతి సైటూ తన గుర్తింపు పత్రం చూపిస్తుంది. అది ఫలానా తేదీ నుంచి చెల్లుతుందని అందులో ఉంటుంది. రెండువేల ఎనిమిదిలో కూర్చున్న నా కంప్యూటరుకు ఆ పత్రాలన్నీ ఇంకా పుట్టని పత్రాలు. అందుకే తలుపు తియ్యలేదు. కార్డు మధ్యాహ్నం నుంచీ నిక్షేపంలా పని చేస్తూనే ఉంది! అన్నిటికన్నా ఘోరం వినండి. నేను ఎఫ్‌వన్‌తో నోరు మూయించిన ఆ రెండు వరుసలూ చెప్పింది ఒక్కటే: "తేదీ, సమయం సరిగా లేవు, సరిచెయ్యండి." మూగజీవం మొరపెట్టుకున్న ప్రతిసారీ నేను దాని నోట్లో గుడ్డ కుక్కాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు కాదిది. ఆ బిడ్డ "ఇక్కడున్నా" అని ఏడుస్తుంటే నోరు నొక్కి మరీ వెతకడం.

"అవ్వా, ఈ పొద్దు తేదీ ఎంత?" అని అరిచాను. కంగారులో అది కూడా మరిచిపోయాను, కంప్యూటరు లాగే.

అవ్వ క్యాలెండరు చూడకుండానే ఇంగ్లీషు తేదీ, తమిళ తేదీ, తిథి, నక్షత్రం అన్నీ చెప్పింది. మొదటిది మాత్రం కొట్టాను. పేజీ తెరుచుకుంది! పవిత్ర నన్ను కుర్చీలోంచి ఒక్క తోపు తోసి తను కూర్చుంది. పేరు, మార్కులు, సర్టిఫికెట్లు... ఆ పిల్ల వేళ్ళు పరుగెడుతుంటే నేను నేల మీద కూర్చుని కొండ మీది స్వామికి మొక్కుల మీద మొక్కులు మొక్కుతున్నాను. మామ అంగడి వదిలేసి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఐదు కొట్టడానికి ఇంకా రెండు మూడు నిముషాలుండగా తెర మీద పచ్చటి అక్షరాలతో అప్లికేషన్ నంబరు వచ్చింది.

"హరోహర!" అన్నాడు మామ. విభూతి పడ్డ భక్తుడు కూడా అంత గట్టిగా అనలేదు.

"కంప్యూటరుకి తేదీ ఉండదని ఎవురో చెప్పినారే?" అంది అవ్వ, మజ్జిగ నా చేతికిస్తూ.

"తేదీ ఉంటాదవ్వా. రాహుకాలమే ఉండదు."

"ఏ టైములో విప్పినావు దాన్ని?"

నేను మజ్జిగ తాగాను. కొన్ని ప్రశ్నలకు మజ్జిగ తాగడమే జవాబు.

పవిత్ర ఇప్పుడు వెటర్నరీ కాలేజీలో చదువుతోంది. అప్పుడప్పుడు ఫోన్ చేసి, "బావా, ఈ పొద్దు ఒక ఎనుముకి కడుపుబ్బరం. అరస్తానే ఉండాది. దీనికి ఎఫ్‌వన్ యాడుంటాది?" అని అడుగుతుంది. అవ్వ నాకొక రోజువారీ క్యాలెండరు కొనిచ్చి, ఆఫీసులో నా తెర పక్కనే తగిలించమంది. తగిలించాను. రోజూ పొద్దున్నే కాగితం చింపి, ఆ తర్వాతే కంప్యూటరు ముట్టుకుంటున్నాను. ఆఫీసులో నన్ను చాలా భక్తిపరుడనుకుంటున్నారు.

కనుక కొండ మీది స్వామి సాక్షిగా, విభూతి అభిషేకం జరిగిన ఆ పేరు తెలియని భక్తుడి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. తెర మీద అక్షరం కనిపిస్తే ఆఖరి చుక్కదాకా చదువుతాను. ఏ పెట్టె బ్యాటరీ పీకినా ముందు దాని తేదీ సరిచేస్తాను. పావుగంట పని అనే మాట ఈ జన్మలో అనను. చదవకుండా ఎఫ్‌వన్ నొక్కను గాక నొక్కను.

ఒకవేళ పాత అలవాటు కొద్దీ వేలు ఆగక నొక్కేసేట్టయితే, కనీసం రాహుకాలం దాటాక నొక్కుతాను.