అక్క గదికీ ముందు గదికీ మధ్య

మా బావని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా నేను చెప్పబోయేది ఆయన గురించి కాదు, మా అక్క గురించి.

అక్క పిల్లల పుస్తకాలకి బొమ్మలేస్తుంది. వంటింటి పక్క గదిలో ఒక పాత కంప్యూటరు, అదే ఆవిడ ఆఫీసు. ముందు గదిలో బావ ప్రింటింగు పని. అక్కడ పెద్ద ప్రింటరు, దానికి తగిలించిన ఇంకో కంప్యూటరు. రెండింట్లోనూ విండోసు బదులు లైనక్సు వేసింది బావే. వేసిన రోజు నుంచీ ఇంట్లో పెద్ద ఇంజినీరైపోయాడు.

రెండింటికీ కలిపి ఒక ఫోల్డరు పెట్టాడు. అక్క తన గదిలోంచి బొమ్మ అందులో పడేస్తే, ముందు గదిలో అచ్చు వేసుకోవచ్చన్నమాట. మాట బాగానే ఉంది. నాలుగేళ్లుగా అక్క ఎప్పుడు పెట్టబోయినా "అనుమతి లేదు" అనే వచ్చేది. "నీ కంప్యూటరుకి తిక్క, ఎప్పుడో తీరిగ్గా చూస్తాలే" అనేవాడు బావ. ఆ తీరిక ఇప్పటిదాకా రాలేదు. పాపం అక్క, పొయ్యి మీద ఏదో ఉడుకుతుంటే పెన్‌డ్రైవు పట్టుకుని ఆ గదికీ ఈ గదికీ పరుగు. కంప్యూటర్లు బాగుచెయ్యడమే నా ఉద్యోగం. నేను చూస్తానంటే, "వద్దులేవే, ఆయన చూస్తానన్నారుగా" అని ఆపేసేది.

ఆ రోజు అలా ఆపడానికి వీల్లేకపోయింది. మొదటిసారి అక్క సొంతంగా కథ రాసి, బొమ్మలేసి, ఇరవై నాలుగు పేజీల పుస్తకం తయారుచేసింది. పబ్లిషరు ఒంటిగంటకి వచ్చి అచ్చు పేజీలు చూస్తానన్నాడు. అప్పటికి చేతిలో పెట్టకపోతే ఈ ఏడాదికి ఇంకొకరి పుస్తకం వేసుకుంటానని ముందే చెప్పేశాడు. పదకొండున్నరకి పెన్‌డ్రైవు చచ్చింది. బావ సరుకు ఇవ్వడానికెళ్లాడు, ఫోను ఎత్తడు. అక్క నాకు ఫోను చేసింది.

కంగారులో నా పెన్‌డ్రైవు కూడా మర్చిపోయి, పరిగెత్తుకుంటూ వెళ్లి అక్క కంప్యూటరు ముందు కూర్చున్నాను. కేబులు బాగానే ఉంది. అవతలి కంప్యూటరు పలుకుతోంది. ఫోల్డరు తెరుచుకుంటోంది, లోపలున్నవన్నీ కనిపిస్తున్నాయి. ఏదైనా పెట్టబోతే మాత్రం, అనుమతి లేదు! తిక్క ఈ కంప్యూటరుది కాదని అప్పుడే తెలిసిపోయింది. ముందు గదిలోకెళ్లాను. బావ కంప్యూటరు పాస్‌వర్డు అడిగింది.

"ఇప్పుడీ మహానుభావుడి పాస్‌వర్డు నేనెక్కణ్ణుంచి తేను?" అని బల్ల మీద ఒక్కటిచ్చాను.

"నా ముద్దుపేరు, పక్కన మా పెళ్లి సంవత్సరం" అంది అక్క మెల్లిగా.

తెరుచుకుంది. షేరింగు సెట్టింగులున్న ఫైలు తీశాను. ఫోల్డరులో రాసే హక్కు బావకి ఉంది. పుస్తకాలు కుట్టడానికి నెలకి రెండుసార్లొచ్చే బైండరుకి ఉంది. అక్క పేరు మాత్రం చూడ్డానికే అన్న వరసలో ఉంది. దాని పైన బావ తన గుర్తు కోసం రాసుకున్నాడు: "ఈవిడకి రాసే హక్కు ఇవ్వకూడదు. అన్నీ కలగాపులగం చేస్తుంది."

నా రక్తం ఉడికిపోయింది. బైండరుకిచ్చి పెళ్లానికి ఇవ్వడా? సిగ్గులేని మనిషి! అక్క వైపు తిరిగాను. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?"

"రెండేళ్లయింది చూసి."

"పాస్‌వర్డు తెలిసీ ఎందుకు మార్చుకోలేదే, పిచ్చిదానా?"

"ఆయనే మారుస్తారేమోనని చూశానే" అంది.

బావ మీద కోపమంతా ఒక్కసారి అక్క మీదికి తిరిగింది. తిట్టబోతుండగానే అక్క నన్ను లేవమంది. తనే కూర్చుని, తన పేరు రాసేవాళ్ల వరసలోకి మార్చింది. షేరింగు ఆపి మళ్లీ నడిపించాను. అక్క తన గదిలోకెళ్లి పేజీలు ఫోల్డరులో పెట్టింది. ఇరవై నాలుగూ చక్కగా ముందు గదిలోకి వచ్చి పడ్డాయి, ఒక్కొక్కటే అచ్చు వేశాను. పబ్లిషరు గుమ్మంలో చెప్పులు విప్పేసరికి ఆఖరి పేజీ ఇంకా వేడిగా ఉంది. చూశాడు, వేస్తానన్నాడు.

ఆయన వెళ్లాక బావ వచ్చాడు. కంప్యూటరు తెరవగానే కనిపెట్టేశాడు.

"నా కంప్యూటరు ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే" అంది అక్క.

"అడిగితే ఆ హక్కు నేనే ఇచ్చేవాణ్ణిగా! ఒక్క మాట అడగొచ్చుగా!"

అక్క పేజీలు సర్దుకుంటూ తలెత్తింది.

"బైండరు అడిగాడా?"