వెనక బల్ల మీద పొగ

"మా అక్క ఎక్కే బండికే పొగ కాయితం ఇవ్వనంటావేటి బావా? రేపు సంతకి జనాన్ని ఎలా తెమ్మంటావు?"

"మీ అక్క ఎక్కుద్దనే ఇవ్వనంటన్నాను. డీజిలు పంపు తగ్గించుకుని రా, ఇత్తాను."

"తగ్గిత్తే గాలికొండ ఘాట్ రోడ్డు ఎక్కదు. స్టీరింగు వదిలేసి పొగ కొలత్తన్నావు కదా, బండెలా లాగుద్దో మర్సిపోయావు."

"మర్సిపోలేదొరే. ఆ పంపు పెంచడం నీకు నేర్పింది నానే."

ప్రసాద్ జీపెక్కి తలుపు ధడాల్న వేసి మెకానిక్ షెడ్డు వైపు పోనిచ్చాడు.

ఇదంతా నేను వ్యానులో కంప్యూటరు ముందు కూర్చుని విన్నాను. అరకులో జీపుల స్టాండు పక్కన నిలబెట్టిన పొగ పరీక్ష వ్యాను అది. బండి ఫొటో తీసి, సర్టిఫికెట్ అచ్చుకొట్టడం నా పని. పొగ కొలిచి పాసో ఫెయిలో తేల్చేది భీమన్న. ప్రసాద్ అతని బావమరిది. అనంతగిరి అవతల కొండ ఊళ్ల నుంచి సంతకి జనాన్ని తెచ్చే జీపు అతనిదొక్కటే. అది ఆగితే ఆ ఊళ్ల ఆడవాళ్లు చింతపండూ పసుపూ నెత్తినెత్తుకుని నడవాలి. అందుకే భీమన్న ఆ పూట వ్యాను చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, టీ తెప్పిస్తే చల్లారబెట్టాడు.

కుదురు లేకపోవడం అతనికి కొత్త కాదు. టెన్త్ తప్పాడు. కాఫీ తోటలో నారు పోశాడు, మానేశాడు. కలప లారీకి క్లీనరుగా వెళ్లాడు, డ్రైవరుతో కొట్లాడి దిగిపోయాడు. తొంభైల్లో జీపు పట్టాడు. అందులో నాలుగేళ్లు నిలిచాడంటే ఊరే ఆశ్చర్యపోయింది. డిగ్రీ మధ్యలో వదిలేసి తిరుగుతున్నానని నన్ను తిట్టేవాళ్లందరికీ భీమన్నని చూపించాలని ఉంటుంది నాకు.

ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బండి లాగాలని డ్రైవర్లు డీజిలు పంపు స్క్రూ తిప్పి పెంచుకుంటారు. ఇంజనుకి డీజిలు ఎక్కువ పోతుంది, దాన్ని కాల్చడానికి గాలి చాలదు, కాలనిదంతా మసై నల్లగా బయటపడుతుంది. అరకు ఎత్తులో గాలి పలచన, కింద ఎస్.కోటలో బూడిదరంగులో వచ్చే పొగ ఇక్కడ తారులా వస్తుంది. డ్రైవర్ల లెక్కలో అది బండి బలం. జీపు నడిపిన రోజుల్లో భీమన్నదీ అదే లెక్క.

జీపులో మగవాళ్లు ముందూ, టాపు మీదా. ఆడవాళ్లూ పసిపిల్లలూ కోళ్లూ వెనక బల్లల మీద. వెనక తలుపుండదు. మలుపులు మొదలయ్యేసరికి వెనకున్నవాళ్లకి తల తిరిగేది, వాంతులయ్యేవి. ఘాట్ రోడ్డు పడక అని అందరూ అనుకునేవాళ్లు. అందుకని డ్రైవర్లు నిమ్మకాయలు కోసి ఉంచి వెనక్కి అందించేవాళ్లు. తన పెళ్లాం రత్నాలుకీ భీమన్న అలాగే ఇచ్చేవాడు. పైగా, "కొండలో పుట్టి కొండ పడకపోడమేటే" అని నవ్వేవాడట.

జీపు వదిలి వ్యాను పనిలో చేరాక, రెండువేల నాలుగులో, వ్యాను ఓనరు రమణమూర్తి అతన్ని విశాఖ శిక్షణకి పంపాడు. అక్కడ మాస్టారు బోర్డు మీద బండి బొమ్మ గీశాడు. పరిగెత్తే బండి వెనక గాలి వెలితి పడుతుంది, సైలెన్సరు పొగ ఆ వెలితిలోకి తిరుగుతుంది, వెనక తెరిచి ఉంటే నేరుగా లోపలికే పోతుంది, తలనొప్పీ వాంతులూ వస్తాయి అని చెప్పాడు. భీమన్న లేచి నిలబడిపోయాడు.

"ఏంటి డౌటు?" అన్నాడు మాస్టారు.

"డౌటు కాదండి. నిమ్మకాయలండి" అన్నాడట. క్లాసంతా నవ్వింది.

ప్రాక్టికల్ పరీక్ష మొదటిసారి తప్పాడు. ఇంజను వేడెక్కకుండానే సైలెన్సర్లో పొగ కొలిచే గొట్టం దూర్చేశాడు, అంత తొందర. రెండోసారి పాసై, సర్టిఫికెట్ పట్టుకుని ఊరెళ్లాడు. తర్వాతి సంతకి ప్రసాద్ జీపులో ముందు సీటు వదిలేసి, జన్మలో మొదటిసారి వెనక ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. గాలికొండ సగం ఎక్కకుండానే కక్కుకున్నాడు. టాపు మీది మగవాళ్లు ఒకటే నవ్వు. రత్నాలు నిమ్మ చెక్క అతని చేతిలో పెట్టి, "వాసన సూడు, తగ్గిపోద్ది. నువ్వే సెప్పీవోడివి కదా" అంది. ఇది అతనే నాకు చెప్పాడు, దాచుకోకుండా.

మధ్యాహ్నం ప్రసాద్ పంపు తగ్గించుకుని తిరిగొచ్చాడు. భీమన్న ఇంజను వేడెక్కేదాకా ఆగి, గొట్టం పెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కించాడు. పొగ కొలత అరవై అయిదు యూనిట్లు దాటకూడదు. పొద్దున్న ఎనభై దాటింది, ఇప్పుడు యాభై ఎనిమిది. నేను అచ్చుకొట్టాను, భీమన్న సంతకం పెట్టాడు.

"సంతోసమేనా, ఇనస్పెట్రు గారూ?" అన్నాడు ప్రసాద్.

"జనాన్ని తగ్గించి ఎక్కించు. ఇలాగే ఎక్కుద్ది."

"సూద్దాం" అని కాయితం మడిచి జేబులో పెట్టుకుని టీకి వెళ్లాడు.

భీమన్న మళ్లీ తిరగడం మొదలెట్టాడు. జీపు దాకా వెళ్లి, లోపలికి తొంగి చూసి వచ్చాడు.

"స్క్రూడ్రైవరు సీటు కిందే ఉంది" అన్నాడు. "మలుపులకి ముందు ఆపి మళ్లీ పెంచేత్తాడు. కాయితం సేతికొచ్చాక అందరూ సేసేదదే."

"నువ్వే ఆ బండిలో వెళ్లి కూర్చోరాదా?"

"నానుంటే తిప్పడు. నాను లేని సంతకి తిప్పుతాడు. నా మాటంటే బావ సాధింపనుకుంటాడు. రత్నాలుకి దగ్గు పట్టుకుంది, తమ్ముడి మీద మాత్రం నోరిప్పదు."

వ్యానులోకి ఎక్కి వచ్చాడు. నా కుర్చీ పట్టుకుని వంగాడు.

"ఒరే గుంటడా, నువ్వెలాగూ ఒక సోట కూకోలేవు. నానిక్కడే ఉంటాను, ఇయ్యేళ ఆడి బండిలో మా ఊరెల్లు, మా ఇంట్లో తొంగో. పొద్దున్న ఆడు ముందు సీటిత్తాడు, తీసుకోకు. రత్నాలు పక్కన వెనకాల కూకో. ఆడు బండాపి బానెట్టు ఎత్తాడంటే దిగిపో. దిగి, ఆడోళ్లందర్నీ దింపు. పంపు తగ్గించీదాకా ఒక్కరినీ ఎక్కనీకు."