జేజి పెట్టిన ఆవిరి

మా జేజి పెట్టిన ఆవిరితో నా సైనస్ తగ్గలేదు. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. డైరీలో రాయబోయి కూడా మానుకున్నాను.

పోయిన చలికాలం నాకు జలుబు తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. బుగ్గల కింద సలుపు, వంగితే నుదురంతా బరువు. నాయన తల్లి, మా జేజి, ఎండలో ఊరవతల వాగు, వంక దాకా నడిచి వావిలాకు కోసుకొచ్చేది. వానల్లేని ఏడు గనుక ఊరి దగ్గర పచ్చాకే లేదు. మరిగే కుండ ముందర నన్ను కూర్చోబెట్టి, తన దుప్పటి కప్పి, వీపు నిమిరేది. పీల్చినంతసేపు హాయిగానే ఉండేది. తర్వాత మళ్లీ సలుపే.

కాలేజీ నుంచి వస్తూ తాడిపత్రిలో డాక్టరమ్మకు చూపించుకున్నాను. చాలామందికి ఇది దానంతటదే పోతుందట. నాకు తిరగబెట్టింది కాబట్టి యాంటీబయాటిక్ రాసింది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోమంది.

"ఆవిరి పట్టుకో, హాయిగా ఉంటాది. దాంతోనే చీము పోతాదనుకోవద్దు. కంటి చుట్టూ వాచిందంటే మాత్రం ఆ పూటే ఆస్పత్రికి రావాల," అంది.

మాత్రలు నవలల వెనక దాచి చాటుగా మింగాను. ఆకు కోసం నడిచి పగిలిన ఆ పాదాలను చూస్తూ, వేరే మందు వాడుతున్నానని చెప్పడానికి నోరు రాలేదు. నాకు నెమ్మదించింది. తన ఆకుతోనే తగ్గిందని జేజి వీధంతా చెప్పుకుంది.

"ఏమత్తా, ఇంక వాకిట్లో బోర్డు కట్టు," అంది పక్కింటామె.

"కడతాలే. మొదట నీ నోటికి మందేస్తా," అంది జేజి.

అందరితో పాటు నేనూ నవ్వాను.

తర్వాత నాయనకు అదే జబ్బు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని, ముక్కు నిండా రాతి దుమ్ము. జ్వరం, పచ్చటి చీమిడి. ఆస్పత్రికి పోదామంటే వినలేదు.

"యాటికి పాపా? నీకు జేజి ఆకుతోనే తగ్గిపాయ గదా. నాకూ తగ్గుతాది."

మాత్రల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా జేజి దుప్పటి దులుపుతోంది. ఉప్పునీళ్లన్నా వాడమన్నాను, అంతే.

ఒక పొద్దున నాయన ఎడమ కన్ను తెరవలేకపోయాడు. రెప్ప ఎర్రగా ఉబ్బింది. అప్పుడు మాత్రం నాకు ఎక్కడలేని గొంతు వచ్చింది. అరిచి, ఆటో పిలిచి, పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. స్కాన్ తీసి, చీము కంటివైపు పాకిందన్నారు. నరానికి ఇంజెక్షన్లు ఇచ్చారు, ముక్కులోంచి గొట్టం పంపి చీము తీశారు. చూపు ఉంటుందో పోతుందో వెంటనే చెప్పలేమన్నారు. చివరికి చూపు నిలిచింది.

"ఇన్నాళ్లు యాడున్యారప్పా?" అని డాక్టరు అడిగితే, "ఇంట్లోనే మందు చేసుకుంటిమి సార్," అన్నాడు నాయన. జేజి తల దించుకుంది. నేనూ దించుకున్నాను.

నాయన ఇంటికొచ్చాక, ఆవిరి కుండను జేజి కోళ్లకు నీళ్లు పోయడానికి పెరట్లో పెట్టేసింది. మళ్లీ వంకవైపు పోలేదు. నిన్న సాయంత్రం నా పక్కన కూర్చుని, నావైపు చూడకుండా అడిగింది.

"నీకు తగ్గిపాయ గదా పాపా. మీ నాయనకు యాల తగ్గల్యా?"