పట్టికలో లేని కుక్క

పశువైద్య కళాశాలలో ఆమెను అందరూ గిన్నెలమ్మ అనేవారు. ఎదురుగా ఎవరూ అనలేదు గానీ ఆ పేరు ఆమె చెవిన పడుతూనే ఉండేది. ఆమె నొచ్చుకోలేదు. రోజంతా గిన్నెలు బోర్లించే మనిషిని ఇంకేమంటారులే అనుకునేది.

ఆమె వయసు యాభై ఆరు. ఆ కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్ళు గాజు సీసాలూ టెస్ట్ ట్యూబులూ కడిగింది. ఉద్యోగంలో ముప్పయ్యో ఏట పని మారింది. జంతువుల ప్రవర్తన గురించి పాఠాలు చెప్పే మేడమ్ ఒక కొత్త పరిశోధన తలపెట్టింది. ఏ జాతి కుక్కకు ఎంత తెలివి ఉందో పోల్చి చూడాలి. కుక్కలు పెంచుకునేవాళ్ళని పిలిపించి, అన్నిటికీ ఒకే రకం పరీక్షలు పెట్టి, ఏది ఎంతసేపట్లో ఏం చేసిందో రాసుకోవాలి. ఆ పరీక్షలు పెట్టడానికి తొందరపడని మనిషి, ఎక్కువ మాట్లాడని మనిషి కావాలి. మేడమ్ సీసాలు కడిగే గదిలోకి తొంగిచూసి, "మీకు కుక్కలంటే భయమా?" అని అడిగింది.

"భయం లేదండీ. ఇష్టం కూడా లేదు."

"అయితే మీరే కావాలి," అంది మేడమ్.

పని చూడ్డానికి తేలికే. నేల మీద మూడు స్టీలు గిన్నెలు బోర్లించి, కుక్క చూస్తుండగా ఒకదాని కింద ఉడికించిన కోడి లివర్ ముక్క పెట్టాలి. కాసేపు ఆగి కుక్కను వదలాలి. ఇంకో పరీక్షలో దాని తల మీద తువ్వాలు కప్పి ఎంతసేపట్లో విదిలించుకుంటుందో చూడాలి. మూడోదానిలో మూత గట్టిగా బిగించిన డబ్బాలో ముక్క వేసి ముందు పెట్టాలి. ఆ మూత ఏ కుక్కకీ ఊడిరాదు. ఎంతసేపు దానితో పెనుగులాడుతుంది, ఎప్పుడు మనిషి వైపు తిరిగి చూస్తుంది అన్నదే లెక్క. చివరిది మాటల పరీక్ష. యజమాని వెనక నిలబడి కూర్చో, రా, ఆగు అని చెబితే ఎన్ని మాటలు పట్టుకుంటుందో చూడాలి. మూలన ఒక పరిశోధక విద్యార్థిని స్టాప్‌వాచ్ పట్టుకుని అన్నీ రాసుకునేది.

కష్టమల్లా మొహంతోనే. కుక్క మనిషి మొహాన్ని చదివేస్తుందనీ, కనుబొమ్మ కదిలినా జవాబు పట్టేస్తుందనీ మేడమ్ చెప్పింది. అందుకని గిన్నెలమ్మ నవ్వకూడదు. తల ఊపకూడదు. కుక్క వచ్చి మోకాలికి తల ఆనించినా నిమరకూడదు. ఎదుటి గోడకు అతికించిన నల్ల చుక్కను చూస్తూ నిలబడాలి.

"నాకదేం కష్టం కాదండీ," అందామె. నిజంగానే కష్టం కాలేదు. ఇంట్లో కూడా ఆమె మొహానికి పెద్దగా పనేం లేదు.

రెండేళ్ళ కిందటి దాకా ఇంట్లో అక్క ఉండేది. అక్క బట్టలు కుట్టేది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. కుదరలేదంతే, అందులో ఎవరి తప్పూ లేదు. రెండో అంతస్తులో రెండు గదులు, పక్కపక్కన రెండు మంచాలు, పొద్దస్తమానం కుట్టుమిషను చప్పుడు. అలా ఉండగా యాభై తొమ్మిదో ఏట అక్క పెళ్ళి చేసుకుంది. గడియారాలు బాగుచేసే ఒకాయన, భార్య పోయి చాలాకాలమైనవాడు, పని మీద ఈ ఊళ్ళో కొన్నాళ్ళు ఉన్నాడు. చొక్కాకి గుండీ కుట్టించుకోడానికి ఒకసారి వచ్చి, ఆ తర్వాత వారానికొక గుండీ ఊడగొట్టుకుని వచ్చేవాడు. గిన్నెలమ్మ మూడో గుండీ దగ్గరే కనిపెట్టింది. అక్క ఏడో గుండీ దాకా ఒప్పుకోలేదు.

పెళ్ళయ్యాక వాళ్ళు ఆయన ఊరు వెళ్ళిపోయారు. రైల్లో ఐదు గంటల ప్రయాణం. కుట్టుమిషను తీసుకెళ్ళిన చోట నేల మీద నాలుగు చిన్న గుంటలు మిగిలాయి. ఊడ్చినప్పుడల్లా వాటిలో దుమ్ము నిలిచిపోయేది. ఆదివారం ఆదివారం అక్క ఫోన్ చేసేది.

"తిన్నావా?"

"తిన్నా."

"బావ నిన్ను అడిగానని చెప్పమన్నారు."

"నేనూ అడిగానని చెప్పు."

ఆ తర్వాత ఇద్దరికీ మాట తోచేది కాదు. ఒకే గదిలో ముప్పై ఏళ్ళు మాట్లాడుకున్నవాళ్ళకి ఫోన్‌లో మాట్లాడ్డం చేతకాలేదు. అక్క మీద ఆమెకు కోపం లేదు. ఉండుంటే బాగుండేది, ఆ కోపంతోనైనా సాయంత్రాలు గడిచేవి.

పరీక్షలకు కుక్కలు రావడం మొదలైంది. వాటికంటే ముందు వాటి యజమానుల గొప్పలు వచ్చేవి. సంగీతం టీచరు తెచ్చిన పూడుల్ మూడు గిన్నెల్నీ ఒకసారి చూసి, సరైనదాన్ని కాలితో తిప్పేసింది, మనకేదో ఉపకారం చేసినట్టు. లాబ్రడార్ మూడింటినీ తిప్పేసింది. ఒకదాని కింద ఉన్నది మిగతావాటి కింద ఎందుకుండదని దాని నమ్మకం. బుల్‌డాగ్ మీద తువ్వాలు కప్పగానే అది పొద్దుపోయిందనుకుని పడుకుంది. గురక మొదలయ్యాక స్టాప్‌వాచ్ ఆపేశారు. జర్మన్ షెపర్డ్ డబ్బాని కాసేపు గీకి, ఇక నీదే భారం అన్నట్టు గిన్నెలమ్మ మొహంలోకి చూసేది. హస్కీ మాత్రం ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. దానికీ డబ్బాకీ మధ్య గొడవలో మూడో మనిషికి చోటే లేదు.

సాయం అడగడం తెలివా, అడక్కపోవడం తెలివా అని విద్యార్థులు టీ తాగుతూ వాదించుకునేవారు. ఒకరోజు మేడమ్ గిన్నెలమ్మ వైపు తిరిగి, "మీరేమంటారు?" అంది.

ఆమె కప్పు కింద పెట్టింది. "మొన్నొచ్చిన బీగిల్ కుక్కకి సున్నా ఇచ్చారు కదండీ. అది గిన్నెల వైపు చూడనేలేదు, నిజమే. వాసన పట్టుకుని తిన్నగా నా ఏప్రన్ జేబు దగ్గరికొచ్చింది. మొత్తం లివర్ పొట్లం ఉన్నది అక్కడే. మనం అడిగింది ఒకటి, అది చెప్పింది ఇంకొకటి. తప్పు చెప్పిందని ఎలా అంటాం?"

మేడమ్ నవ్వింది. రాసుకోలేదు మాత్రం.

ముప్పై ఏడో కుక్కను తెచ్చినవాడికి కళ్ళద్దాల దుకాణం ఉంది. నలభై దాటిన మనిషి, ఇంట్లో భార్యా ఇద్దరు ఆడపిల్లలూ. కుక్క బోర్డర్ కోలీ, నలుపూ తెలుపూ, ఏడాదిన్నర వయసు. పేరు జీనియస్.

"తెలివైన జాతుల జాబితా ఎక్కడ చూసినా మొదటి పేరు దీనిదేనండీ. అది చూసే కొన్నాను," అన్నాడాయన. "మాకు దొరికింది మాత్రం ఆ జాతి పరువు తీసేట్టుంది. పేరు పెట్టి పిలిస్తే పలకదు. కూర్చోమంటే గోడ వైపు చూస్తుంది. అరిచీ అరిచీ నా గొంతు పోయింది."

గిన్నెల పరీక్షలో జీనియస్ ఇరవైకి ఇరవై తెచ్చుకుంది. తువ్వాలు విదిలించుకోడానికి నాలుగు సెకన్లు పట్టింది. డబ్బాని రెండుసార్లు తట్టి, గిన్నెలమ్మ వైపు చూసి, మళ్ళీ డబ్బాని చూసి, మళ్ళీ ఆమెను చూసింది. ఆమె నల్ల చుక్క మీంచి చూపు తిప్పకుండా ఉండటానికి మొదటిసారి కష్టపడింది. మాటల పరీక్షలో మాత్రం దానికి ఒక్క మార్కూ రాలేదు.

"ఇదేం లెక్క మేడమ్? మూడింట్లో ఫస్టు, నాలుగోదాంట్లో ఫెయిలు," అంది స్టాప్‌వాచ్ అమ్మాయి.

"మొండితనం కావచ్చు. రేపు మళ్ళీ చేద్దాం," అంది మేడమ్.

మర్నాడు గిన్నెలు కడిగి తెస్తుంటే గిన్నెలమ్మ తడి చేతుల్లోంచి మూడూ జారి సిమెంటు నేల మీద పడ్డాయి. స్టాప్‌వాచ్ అమ్మాయి కుర్చీలోంచి లేచిపోయింది. పక్క గదిలో కుక్కలన్నీ మొరగడం మొదలుపెట్టాయి. జీనియస్ అటు తిరిగి కూర్చుని కిటికీ అద్దం మీద ఈగను చూస్తోంది. దాని చెవి కూడా కదల్లేదు.

గిన్నెలమ్మ ఒక గిన్నె తీసుకుని దాని వెనగ్గా నిలబడి గరిటెతో గట్టిగా కొట్టింది. ఈగ ఎగిరిపోయింది. కుక్క ఈగ వెళ్ళిన వైపే చూసింది. ఆమె చెయ్యి పైకెత్తింది. చేతి నీడ నేల మీద కదిలింది, వెంటనే జీనియస్ తల తిప్పి ఆమెను చూసింది.

"మేడమ్, దానికి చెవులు వినపడవండీ," అని వెళ్ళి చెప్పింది.

యంత్రంతో పరీక్షించారు. పుట్టు చెవుడు, రెండు చెవులూ. ఏడాదిన్నరగా ఇంట్లో నలుగురికీ ఎలా తెలియలేదని స్టాప్‌వాచ్ అమ్మాయి ఆశ్చర్యపోయింది. "అందరినీ చూస్తూ నెట్టుకొచ్చింది," అంది మేడమ్. "గొలుసు తీస్తే తలుపు దగ్గరికి వెళ్ళింది. కంచం తీస్తే వంటింట్లోకి వచ్చింది. తెలివి తక్కువదైతే మొదటి నెలలోనే బయటపడేది." అని, పెన్నుతో పట్టికలో ముప్పై ఏడో వరుస కొట్టేసింది. వినపడని కుక్కను వినపడేవాటితో పోల్చలేం.

కళ్ళద్దాలాయన ఆ మాట విని అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "దాన్ని కొట్టాను కూడానండీ. రెండుసార్లు. పేపరు చుట్టి," అన్నాడు చివరికి. జీనియస్ ఆయన చెప్పుల దగ్గర కూర్చుని ఆయన నోటి వైపు చూస్తోంది. "ఇప్పుడేం చెయ్యాలి?"

"చేతి సైగలు నేర్పాలి. ఈవిడ నేర్పుతారు," అని మేడమ్ గిన్నెలమ్మను చూపించింది. ఆయన వెళ్ళాక ఆమెతో, "లెక్కలోంచి తీసేశాం కాబట్టి ఇక మీరు దానితో ఎలా ఉన్నా పర్లేదు," అంది.

గిన్నెలమ్మ గోడ మీది నల్ల చుక్క వైపు ఓసారి చూసింది.

శనివారాలు పొద్దున్న పది గంటలకి వచ్చేవారు ఆ ఇద్దరూ. గిన్నెలమ్మ ఉతికిన ఏప్రన్ కట్టుకుని నేల మీద కూర్చునేది. అరచెయ్యి కిందికి దించితే పడుకోవాలి. వేలు గుండెకు ఆనిస్తే దగ్గరికి రావాలి. అన్నిటికంటే 'బాగా చేశావు' అనేదానికి సైగ వెతకడం కష్టమైంది. ఎంతో ఆలోచించి, రెండు అరచేతులూ బుగ్గల పక్కన తెరిచి, నవ్వింది. అంత పెద్ద నవ్వు నవ్వి ఎన్నాళ్ళయిందో, బుగ్గలు నొప్పెట్టాయి. జీనియస్ ఒళ్ళంతా ఊపుకుంటూ వచ్చి ఆమె గడ్డం నాకింది.

సైగలు కుక్కకి రెండోసారికే వచ్చేవి. కళ్ళద్దాలాయనే కుడిచెయ్యీ ఎడమచెయ్యీ కలిపేసుకునేవాడు.

"సార్, జాబితాలో మీ జాతి ఎన్నోదండీ?" అంది గిన్నెలమ్మ ఒకరోజు. అన్నాక తనే ఉలిక్కిపడింది. ఆయన పకపకా నవ్వాడు.

ఆ ఆదివారం ఫోన్‌లో అరగంట మాట్లాడింది. జీనియస్ ఇలా చేసింది, జీనియస్ అలా చూసింది. అక్క అంతా విని, "ఎవరే ఈ జీనియస్? ఎన్నో గుండీ దాకా వచ్చింది?" అంది.

"కుక్కే అక్కా."

"ఏమో తల్లీ, నేనూ అప్పట్లో 'గుండీలే' అన్నాను," అంది అక్క. ఇద్దరూ నవ్వారు. ఫోన్ పెట్టేశాక గది ఎప్పటికంటే నిశ్శబ్దంగా అనిపించింది.

ఆరు శనివారాల్లో పద్నాలుగు సైగలు వచ్చాయి. ఆరోసారి కళ్ళద్దాలాయన ఒక చిన్న పెట్టె తెచ్చాడు. అందులో చదువుకునే అద్దాలు. "మీరు కాగితం దూరంగా పట్టుకుని చదవడం చూశానండీ. ఇక ఇంట్లో మా వాళ్ళందరికీ వచ్చేశాయి మీ పాఠాలు," అన్నాడు. ఇక రామని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. అయినా ఏడో శనివారం ఆమె లివర్ ఉడికించి, ఏప్రన్ కట్టుకుని, పన్నెండు దాకా కూర్చుంది. తర్వాత ఆ ముక్కలు కాలేజీ పిల్లికి పెట్టింది.

రిజిస్టరులో ఆయన నంబరు ఉంది. రెండుసార్లు తీసి చూసింది. ఆయనతో మాట్లాడ్డానికి ఆమెకేం లేదు. మాట్లాడాల్సినదానితో ఫోన్‌లో మాట్లాడటం కుదరదు.

పరిశోధన ముగిసి పుస్తకంగా అచ్చయింది. తొమ్మిది జాతులు, అరవై ఒక్క కుక్కలు. చివరి పేజీలో కృతజ్ఞతల కింద గిన్నెలమ్మ అసలు పేరు కూడా వేశారు. అది ఎవరి పేరని విద్యార్థులు ఒకరినొకరు అడుగుతుంటే ఆమె పక్కనే ఉండి విన్నది. మేడమ్ ఇచ్చిన ప్రతిని ఇంటికి తీసుకెళ్ళి, కొత్త అద్దాలు పెట్టుకుని పట్టిక అంతా వేలితో వెతికింది. కింద సన్నని అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: వినికిడి లోపం వల్ల ఒక కుక్కను తొలగించడమైనది. సోమవారం నుంచి మళ్ళీ సీసాల గదికి వెళ్ళింది.

ఎనిమిది నెలల తర్వాత ఒక సాయంత్రం కూరగాయల సంచీతో బజారు వీధిలో నడుస్తుంటే అవతలి పేవ్‌మెంటు మీద జీనియస్ కనిపించింది. పదేళ్ళ పిల్ల దాని గొలుసు పట్టుకుని ఐస్‌క్రీమ్ దుకాణం ముందు నిలబడి ఉంది. కళ్ళద్దాలాయన చిన్నకూతురై ఉండాలి, అచ్చం ఆయన ముక్కు. గిన్నెలమ్మ పిలవబోయి నోరు మూసుకుంది. సంచీ కింద పెట్టి రెండు అరచేతులూ బుగ్గల పక్కన తెరిచింది. కానీ జీనియస్ ఇటు చూడలేదు. దాని కళ్ళు పిల్ల చేతుల మీదే ఉన్నాయి. దారిన పోయేవాడొకడు ఆమెను వింతగా చూసి తప్పుకున్నాడు.

రోడ్డు దాటి వెళ్ళొచ్చు. వెళ్ళి ఆ పిల్లతో ఏమని చెప్పాలి? తండ్రి ఎప్పుడూ ఒక్కడే వచ్చేవాడు. ఆ పిల్లకు తను తెలియదు.

ఇంతలో పిల్ల చెయ్యి పైకెత్తి మణికట్టు దగ్గర రెండుసార్లు తిప్పింది. జీనియస్ పిల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఎడమ పక్కన కూర్చుని, ఆ పిల్ల బూటు మీద గడ్డం ఆనించింది. పిల్ల నవ్వింది. అది గిన్నెలమ్మ నేర్పిన సైగ కాదు. వాళ్ళిద్దరూ వీధి మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది.

బస్సు స్టాపులో బెంచీ మీద కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, తన చెయ్యి పైకెత్తి మణికట్టు దగ్గర రెండుసార్లు తిప్పి చూసింది. దాని అర్థం ఏమై ఉంటుందో ఆమెకు తట్టలేదు. ఇంకోసారి తిప్పింది.

పక్కన కూర్చున్నావిడ ఆ చెయ్యి చూసి, తన వాచీ చూసుకుని, "ఆరుంపావు," అంది.

"మంచిదండీ," అంది గిన్నెలమ్మ. బస్సు వస్తే ఎక్కింది.