ఆవకాయ డబ్బా మూత

మా నంద్యాల బస్సుల్లో కిటికీ అద్దం మూస్తే తెరుచుకోదు, తెరిస్తే మూసుకోదు. ఆ రోజు ఆళ్లగడ్డ బస్సులో దాంతో కుస్తీ పడుతుంటే, పక్కాయన ఓదార్పుగా మాట కలిపాడు. ఆయిల్ బావిలో పైపులు బిగించే పనట ఆయనది.

"పైపు మర చుట్లు తుడిచి, గ్రీజు పూసి, ముందు చేత్తో తిప్పాలన్నా. బేగా కావాలని మిషన్ పెడితే వంకరగా ఎక్కుతాది. ఇంక కారేదే."

అంతలో ఉదాహరణ నా మోకాలి మీదికి వచ్చింది. ఆయన ఒళ్లోని ఆవకాయ డబ్బా మూత వంకరగా ఎక్కి, నూనె కారుతోంది.

ముందు సీట్లోంచి ఆయన భార్య తిరిగింది. "అయ్యో, మా అక్కకు తీస్కపోతాండేది! ఆమె నన్ను ఎగతాళి చేసేకి ఇది చాలు! మూత సరిగ్గా పెట్టలేదా?"

"బస్సు పోతాదని..."

ఆమె నా ప్యాంటు చూసింది.

"బిగించేకి ఈయప్పకు ఆ బావికాడ జీతం గూడా ఇస్తాండారన్నా."